పథ్యమూ న్యాయమూ

రోగానికి కారణం వేరు, రోగి చేసిన దోషం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం మన దేశంలో చాలా పాత అలవాటు. పూర్వజన్మలో చేసిన పాపమే ఈ జన్మలో వ్యాధిగా బాధిస్తుందని కర్మసిద్ధాంతం చెప్పింది. కుష్ఠురోగిని ఊరి బయటికి గెంటినవాళ్లకు ఆ సిద్ధాంతం చాలినంత సమర్థన ఇచ్చింది. ఆధునిక వైద్యశాస్త్రం దాన్ని ఓడించిందని మనం అనుకుంటున్నాం. సూక్ష్మజీవి కనిపించిన చోట పాపం మాయమైన మాట నిజమే. కాని సూక్ష్మజీవి లేని జబ్బుల విషయంలో పాపం మరొక పేరుతో తిరిగి వచ్చింది. ఆ పేరు "జీవనశైలి".

రెండవ రకం మధుమేహాన్ని ఇవాళ అందరూ జీవనశైలి వ్యాధి అంటున్నారు. ఈ మాటలో ఒక తీర్పు ఇమిడి వున్నది. శైలి అనేది ఎంచుకునేది. కవి తన శైలిని ఎంచుకుంటాడు. అలాగే రోగి తన జీవితాన్ని ఎంచుకున్నాడనీ, తప్పుగా ఎంచుకున్నాడనీ, ఫలితం అనుభవిస్తున్నాడనీ ఆ మాట విన్నవారికి తోస్తుంది. వెనకటి జన్మకు పోనక్కరలేని కర్మసిద్ధాంతం ఇది.

ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన ప్రశ్న ఇది: ప్రజలకు తిండి గురించీ, శరీరశ్రమ గురించీ బోధించి మధుమేహాన్ని నివారించాలనే కార్యక్రమం న్యాయమైనదేనా? న్యాయమైతే ఏ షరతుల మీద? దీనికి రెండు సమాధానాలు ప్రచారంలో వున్నాయి. ఒకటి అధికారులది. తెలియజెప్పటం మా పని, విని బాగుపడటం మీ పని, వినకపోతే మీ ఖర్మ అని దాని సారాంశం. రెండవది మన శిబిరంలోనే తరుచు వినిపిస్తుంది. రోగానికి మూలం వ్యవస్థలో వున్నది గనక వ్యవస్థ మారేదాకా ఈ బోధలన్నీ ప్రజల కళ్లకు గంతలు కట్టటమేనని దాని సారాంశం. ఈ రెండు సమాధానాలూ చాలవనీ, రెండింటిలోనూ ఒకే పొరపాటు వున్నదనీ నా వాదం.

ముందు సమస్య ఎంతటిదో చూద్దాం. దేశమంతటా జరిపిన ఒక పెద్ద సర్వే ఫలితాలను భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు పరిశోధకులు కలిసి 2023లో వెల్లడించారు. వాటి ప్రకారం 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం వున్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద వున్నారు. అనగా వాళ్ల రక్తంలో చక్కెర వుండవలసిన దానికంటె ఎక్కువ, వ్యాధి అని నిర్ణయించే హద్దు కంటె తక్కువ. ఒకప్పుడు దీన్ని ధనికుల జబ్బు అనేవారు. ఆ మాటకు కాలం చెల్లింది. గోదావరి ప్రాంతంలో 20 గ్రామాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో 30 ఏళ్లు దాటినవారిలో నూటికి 13 మందికి మధుమేహం కనిపించింది. పైన చెప్పిన దేశవ్యాప్త సర్వేలో భాగంగానే 15 రాష్ట్రాల ఫలితాలు 2017లో వచ్చాయి. వాటిలో ఏడు రాష్ట్రాల పట్టణాలలో కలిగినవారి కంటె లేనివారిలోనే ఈ జబ్బు ఎక్కువగా తేలింది. రాజరోగం కూలివాడ చేరింది. అయితే రాజవైద్యం దాని వెంట రాలేదు.

ఇక బోధ వల్ల ప్రయోజనం వున్నదా అనే ప్రశ్న. ఉన్నదనే చెప్పాలి. ఇందులో శరీరధర్మ రహస్యం పెద్దగా లేదు. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండరాలలోకీ, కాలేయంలోకీ చేర్చే పని ఇన్సులిన్‌ది. కాలేయంలోనూ, కడుపులోని అవయవాల చుట్టూ కొవ్వు పేరుకున్నప్పుడు ఇన్సులిన్ పిలుపును శరీరం సరిగా అందుకోదు. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్లు నెట్టుకువస్తుంది, ఆ తరువాత అలసిపోతుంది. కాని పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం అంతగా ఎదురుచూడదు, రక్తంలోని చక్కెరను తానే తీసుకుంటుంది. నడక వల్ల మేలు కలగటానికి ఇదొక కారణం.

ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా నిరూపించిన దేశాలలో చైనా మొదటి వరుసలో వున్నది. అక్కడి దాచింగ్ పట్టణంలో 1986లో 33 వైద్యశాలల పరిధిలో, గడప మీద వున్న 577 మందితో ఆరేళ్లపాటు ఈ ప్రయోగం నడిపారు. తిండిలో మార్పు, శరీరశ్రమ, రెండూ కలిపి అని మూడు పద్ధతులు పెట్టారు. మూడూ ఫలించాయి. 30 ఏళ్ల తరువాత చూస్తే శిక్షణ పొందినవారికి జబ్బు దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, ఆయుర్దాయం కూడా కొంత పెరిగింది. 2001లో ఫిన్లండులో 522 మందితోనూ, 2002లో అమెరికాలో 3,234 మందితోనూ జరిపిన ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. రెండు చోట్లా కొత్తగా జబ్బు రావటం 58 శాతం తగ్గింది. అమెరికాలో మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలో తగ్గింది 31 శాతమే. మందు కంటె నడకా, పథ్యమూ ఎక్కువ పనిచేశాయి. మన పొరుగున మద్రాసులో 531 మందితో జరిపిన ప్రయోగం 2006లో అచ్చయింది. అక్కడ మేలు 28.5 శాతం.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. అమెరికా ప్రయోగంలో శిక్షణ పొందినవారికి జరిగినదేమిటి? ఒక్కొక్కరికీ ఒక శిక్షకుడు కుదిరాడు. 16 పాఠాలు విడివిడిగా చెప్పారు. బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అనే లక్ష్యం పెట్టి, అది అందేదాకా వెంట వున్నారు. మరి వాళ్లతో పోల్చటానికి పెట్టుకున్న రెండవ పక్షానికి ఏమిచ్చారు? ఏమీ చెయ్యని ఉత్తుత్తి మాత్ర, ఆరోగ్యసూత్రాలు అచ్చువేసిన కాగితాలు, ఏడాదికొకసారి అరగంట లోపు ముఖాముఖి సలహా. అంటే మనం అవగాహన సదస్సు, కరపత్రం అని పిలుచుకుంటున్నది ఆ పరిశోధనలో ప్రయోగమే కాదు. ప్రయోగం ఎంత మేలు చేసిందో కొలవటానికి పెట్టుకున్న అట్టడుగు గీత అది. 58 శాతం మేలు అన్నది కరపత్రం అందుకున్నవారి కంటె వచ్చిన మేలు. మద్రాసులో మామూలు సలహా మాత్రమే పొందినవారిలో మూడేళ్లలో నూటికి 55 మందికి జబ్బు వచ్చింది.

కనుక మన దేశంలో జరుగుతున్నదేమిటంటే, ప్రయోగం ఇచ్చిన ఫలితాన్ని చూపించి కరపత్రాన్ని పంచటం. ఏటా నవంబరు 14న ఊరేగింపు తీస్తారు, ఉచితంగా రక్తపరీక్ష చేస్తారు, ఒక వైద్యుడు ఉపన్యసిస్తాడు. అన్నం తగ్గించండి, కూరలూ పళ్లూ పెంచండి, రోజూ నడవండి, దిగులు పడకండి అంటాడు. మర్నాటి నుంచి ఎవరి బతుకు వాళ్లది. పైగా వచ్చే ఏడు జబ్బు తేలితే "చెప్పాం, వినలేదు" అనటానికి అధికారం కూడా సంపాదించుకుంటారు.

నీతి శతకాలు పాఠం చెప్పే వృత్తి నాది గనక ఈ కరపత్రాల శైలి నాకు కొత్తగా తోచదు. శతకకర్త ఎదురుగా ఒక మనిషినే నిలబెట్టుకుని మాట్లాడతాడు. ఇది చెయ్యి, అది చెయ్యకు అంటాడు. వినేవాడు రాజా, పాలేరా అన్న విచారణ పద్యంలో వుండదు. అందరికీ ఒకటే విధి, చివర ఒకటే మకుటం. శతకానికి అది శోభే కావచ్చు. ప్రజారోగ్యానికి అది లోపం.

మధుమేహం విషయంలో మన ప్రాచీనులు ఈ లోపం నుంచి ఒక విచిత్రమైన పద్ధతిలో తప్పించుకున్నారు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహానికి చెప్పిన విధులు చూడండి. ధనమూ, బంధువులూ లేనివాడు చెప్పులూ గొడుగూ లేకుండా, బిచ్చమెత్తి తింటూ, ఊరికొక రాత్రి చొప్పున మజిలీ చేస్తూ నూరు యోజనాలో, ఇంకా ఎక్కువో నడవాలట. ధనవంతుడు చామలూ, నివ్వరి గింజలూ, ఉసిరి, వెలగ వంటి పళ్లూ తింటూ అడవిలో మృగాలతో కలిసి వుండాలట. బ్రాహ్మణుడు పొలాలలో రాలిన గింజలు ఏరుకుని బతకాలి. ఇతరుడు నిత్యం దున్నాలి, లేదా బావి తవ్వాలి. చిక్కిపోయిన రోగిని మాత్రం ఎల్లవేళలా కాపాడుకోవాలి.

దీన్ని చూపించి మనవాళ్లకు అన్నీ ముందే తెలుసని చంకలు గుద్దుకోనక్కరలేదు. ఈ జబ్బు తిండికీ, శ్రమకూ సంబంధించినదని వాళ్లు గ్రహించారు, అది గొప్పే. అయితే విధిని వర్ణాన్ని బట్టీ, ధనాన్ని బట్టీ పంచారు. కాలినడకే బతుకైనవానికి మరింత కాలినడక విధించారు. ఆ గ్రంథం అసమానతను సహజమని నమ్మింది, కాని దాచలేదు. నేటి కరపత్రం మనుషులంతా సమానమని నమ్ముతుంది, అందుచేత వాళ్ల మధ్య వున్న అసమానతను చూడదు. రెండింటిలో ఏది ఎక్కువ అన్యాయమో తేల్చి చెప్పటం అంత తేలిక కాదు.

మన కళ్లముందు వున్న బతుకులకు ఈ సలహాలను అన్వయించి చూద్దాం. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో లక్షలాది స్త్రీలు బీడీలు చుట్టి బతుకుతున్నారు. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దుట కూర్చుంటే సాయంత్రం దాకా లేవటం వుండదు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆమెకు అరగంట నడక అంటే అరగంటలో చుట్టే బీడీల కూలి పోవటం. కరపత్రంలో నడక ఉచితమని రాసి వుంటుంది. ఆమె లెక్కలో దానికి ధర వున్నది. పగలూ రాత్రీ వంతులు మారుతూ పన్నెండేసి గంటలు కాపలా కాసేవానికి వేళకు నిద్ర, వేళకు భోజనం అనే సలహా ఎవరి చేతిలో వున్న విషయం? అతని చేతిలోనా, వంతులు వేసే గుత్తేదారు చేతిలోనా?

ఇంట్లో వంట చేసేది ఒకరు, పథ్యం తినవలసినది మరొకరు. భర్తకు జబ్బు వస్తే రెండు రకాల వంట భార్య మీద పడుతుంది. భార్యకు జబ్బు వస్తే ఆమె అందరికీ వండి, మిగిలినది తింటుంది. మిగిలేది సాధారణంగా అన్నమే. కూరా, పప్పూ ముందే అయిపోతాయి. "మీరు పప్పు, కూరలు ఎక్కువగా తినండి" అని రాసినవాడు ఆ "మీరు" ఎవరో ఆలోచించలేదు.

అన్నం సంగతి వచ్చింది గనక రేషన్ గురించి కూడా చెప్పుకోవాలి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో రెండుపూటలా పొయ్యి వెలిగింది. ఆ బియ్యాన్ని ఇవాళ మధుమేహానికి దోషిగా నిలబెట్టే పెద్దమనుషులు వున్నారు. వాళ్లకు ఆకలి ఏమిటో తెలియదు. ఆకలి తీర్చటం న్యాయం. కాని కడుపు నింపి అక్కడే ఆగిపోవటం అసంపూర్ణ న్యాయం. 2013 నాటి ఆహారభద్రత చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలు కూడా రాశారు, వాటికి కిలో రూపాయి అని ధర కూడా రాశారు. 2023 నుంచి ఆ ధాన్యం ఉచితమయింది. మన చౌకదుకాణంలో పేదవాడికి ప్రధానంగా దొరికేది మాత్రం మరపట్టిన బియ్యమే. కర్ణాటకలో చౌకదుకాణాల ద్వారా రాగులూ, జొన్నలూ ఇచ్చిన అనుభవం వున్నది గనక ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. బియ్యం ఉచితం, పప్పు ప్రియం అయిన చోట అన్నం తగ్గించమనే సలహా అర్ధాకలితో వుండమనే సలహాగా మారిపోతుంది.

ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ దగ్గరి ఉదాహరణ ఒకటి వున్నది. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆటస్థలం లేని ఇంటర్మీడియెట్ కళాశాలలు బహుళ అంతస్తుల భవనాలలో నడుస్తున్నాయి. తెల్లవారుజామున మొదలైన చదువు గంటలు రాత్రి దాకా సాగుతాయి. పదహారేళ్ల పిల్లవాడు రెండేళ్లపాటు బల్లకు అంటుకుపోతాడు. శరీరం ఎదగవలసిన వయసులో ఈ జీవనశైలిని అతను ఎంచుకున్నాడా? తండ్రి అప్పుచేసి ఎంచాడు, యజమాని లాభం చూసుకుని ఎంచాడు, ప్రభుత్వం చూసీ చూడనట్లు వుండి ఎంచింది. ఇరవై ఏళ్ల తరువాత రక్తపరీక్షలో ఫలితం వచ్చినప్పుడు మాత్రం బాధ్యత అతనొక్కడిదే అవుతుంది.

ఎంచుకోవటమనే మాట గర్భంలోని శిశువు దగ్గర పూర్తిగా అర్థం కోల్పోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య సమీప గ్రామాలలో ఒక పని చేసింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైన ఊళ్లలో గర్భిణులకూ, పసిపిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. పథకం ఇంకా రాని ఊళ్లను పోలిక కోసం చూశారు. మొత్తం 29 గ్రామాలు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక వెతికి పరీక్షించారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగు పెరిగారు. ఇన్సులిన్ పిలుపును శరీరం లెక్కచెయ్యకపోవటాన్ని కొలిచే సూచిక వాళ్లలో సుమారు 20 శాతం తక్కువగా వున్నది. అక్కడ ఎవరూ ఎవరికీ నడకను గురించి ఉపన్యసించలేదు. తల్లికి తిండి పెట్టారు, అంతే. మధుమేహ నివారణలో మన గడ్డ మీద జరిగిన గొప్ప పాఠాలలో ఇది ఒకటి. దీన్ని జీవనశైలి అనే మాటలో ఇమడ్చటం ఎవరికీ సాధ్యం కాదు.

నివాసం కూడా ఇంతే. అమెరికాలో 1994-98 మధ్య ఐదు నగరాలలో కడుపేద వాడలలో వుండే తల్లులకు చీట్లు తీసి, కొందరికి బీదరికం తక్కువగా వున్న వాడలకు మారటానికి అద్దె సహాయం ఇచ్చారు. పది పదిహేనేళ్ల తరువాత పరీక్షిస్తే, ఆ అవకాశం రానివారి కంటె వచ్చినవారిలో మధుమేహపు హద్దు దాటిన రక్తఫలితాలు నూటికి నాలుగు తక్కువగా వున్నాయి. ఎవరూ వాళ్లకు పథ్యం చెప్పలేదు. చిరునామా మారింది.

ఇంతవరకు చదివిన పాఠకుడు రెండవ శిబిరమే నిజం చెప్పిందని అనుకోవచ్చు. పరిస్థితులే సర్వస్వమైతే బోధ దేనికి? పరిస్థితులనే మారుద్దాం, అదే రాజకీయం అంటాడు. ఈ వాదంలోని సగం నిజాన్ని నేను పైన ఒప్పుకున్నాను. మిగతా సగం సంగతి చూద్దాం.

క్యూబా అనుభవం మనకు ఇక్కడ పాఠం. సోవియట్ యూనియన్ పతనంతో 1991-95 మధ్య ఆ దేశం ఘోరమైన కొరతలో పడింది. పెట్రోలు లేక బస్సులు ఆగిపోయాయి. జనం సైకిళ్లెక్కారు, నడిచారు, తక్కువ తిన్నారు. సగటున మనిషికి ఐదు కిలోలకు పైగా బరువు తగ్గింది. తరువాతి సంవత్సరాలలో మధుమేహ మరణాలూ, గుండెజబ్బు మరణాలూ తగ్గాయి. పరిస్థితి మెరుగుపడి బరువు తిరిగి పెరిగాక మధుమేహమూ తిరిగి పెరిగింది. 2013లో ఈ లెక్కలన్నీ ప్రచురితమయ్యాయి. కొరతను ఇందుకు మెచ్చుకునేవారు మరొక లెక్క కూడా చూడాలి. అదే కాలంలో పోషకాహార లోపం ప్రధాన కారణంగా సుమారు 50 వేల మందికి కళ్లూ, నరాలూ దెబ్బతిన్నాయి. ఆకలి నివారణోపాయం కాదు.

ఈ అనుభవం మన శిబిరానికి మరొకటి కూడా చెబుతున్నది. అక్కడ విప్లవం జరిగి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. చదువూ, వైద్యమూ అందరికీ అందుబాటులో వున్నాయి. అయినా తిండి వచ్చి, బస్సు వచ్చాక శరీరం తన దారిన తాను పోయింది. వ్యవస్థ మారినంత మాత్రాన క్లోమం బాగుపడదు. సమసమాజంలోనూ మనిషికి తన శరీరాన్ని గురించిన జ్ఞానం కావాలి, ఆ జ్ఞానాన్ని ఆచరణగా మార్చే సంఘజీవితం కావాలి.

పైగా మన ఆచరణ ఏమిటి? మనలో చాలామందిమి పొద్దున్నే నడుస్తాం. ఏడాదికొకసారి రక్తం పరీక్ష చేయించుకుంటాం. రాత్రి అన్నం మాని రొట్టె తింటాం. మనకు పనికివచ్చే జ్ఞానం కూలివాడ దగ్గరకు వచ్చేసరికి సంస్కరణవాదం ఎలా అవుతుంది? వ్యవస్థ మారేదాకా అక్షరం నేర్పటం ఆపుదామని ఏ అభ్యుదయవాదీ అనలేదు. రాత్రిబడులు పెట్టినవాళ్లూ, గ్రంథాలయాలు నడిపినవాళ్లూ చదువు ఒక్కటే దారిద్ర్యాన్ని పోగొడుతుందని నమ్మి ఆ పని చెయ్యలేదు. చదువు లేనివాడు పోరాటంలో కూడా వెనకబడతాడని చేశారు. శరీరజ్ఞానం కూడా అలాంటిదే. చూపు పోయి, కాలు తీసేయించుకుని, మూత్రపిండాల వైద్యానికి పొలం అమ్ముకున్న మనిషికి రేపటి న్యాయసమాజం ఎంత దూరం?

మనవాళ్లు తరుచు ఉదాహరించే రుడోల్ఫ్ విర్కో జీవితమే ఇందుకు సాక్ష్యం. 1848లో ఎగువ సైలీషియాలో విషజ్వరాన్ని పరిశీలించి, రోగానికి మందు ప్రజాస్వామ్యమూ, విద్యా, సంపదా అని ఆయన నివేదిక రాశాడు. ఆ ఏడు వచ్చిన విప్లవం ఓడిపోయింది. ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తరువాత బెర్లిను నగరసభలో సభ్యుడై మురుగుకాలవలు వేయించాడు, మాంసం తనిఖీ పెట్టించాడు. నివేదికకూ మురుగుకాలవకూ మధ్య ఆయనకు వైరుధ్యం కనిపించలేదు.

రెండు శిబిరాలలోనూ వున్న ఒకే పొరపాటును ఇప్పుడు గుర్తించవచ్చు. ఇద్దరూ దోషాన్నీ, కర్తవ్యాన్నీ కలిపేస్తున్నారు. రోగి చెయ్యగలిగినది కొంత వున్నది గనక దోషం అతనిదే అని మొదటివారు అంటున్నారు. దోషం అతనిది కాదు గనక అతను చెయ్యవలసినదేమీ లేదని రెండవవారు అంటున్నారు. దోషం గతానికి సంబంధించినది, కర్తవ్యం భవిష్యత్తుకు సంబంధించినది. గోదావరికి వరద రావటం లంక గ్రామాల తప్పు కాదు. అయినా గట్టు మీదికి మట్టి తట్టలు మొయ్యవలసింది ఆ ఊళ్లవాళ్లే. తట్టలు మొయ్యమన్నవాడు వరదకు కారణం మీరే అన్నాడని ఎవరూ అపార్థం చేసుకోరు. అయితే గట్టు పటిష్ఠం చెయ్యటానికి మంజూరైన డబ్బు ఏమయిందని అడగకుండా తట్టలు మాత్రమే పంచేవాణ్ణి ఊరు నమ్మదు. నమ్మకూడదు కూడా.

తర్కరీత్యా కూడా రోగాన్ని చూసి దోషాన్ని ఊహించటం చెల్లదు. మద్రాసు ప్రయోగంలో శిక్షణ పొందినవారిలో సైతం మూడేళ్లలో నూటికి 39 మందికి జబ్బు వచ్చింది. వంశం, గర్భవాసం, వయసు వీటన్నిటి పాత్ర వున్నది. పథ్యం పాటించినా జబ్బు వచ్చినవాళ్లున్నారు, పాటించకపోయినా రానివాళ్లున్నారు. జబ్బు వచ్చింది గనక పథ్యం తప్పాడని తీర్పు చెప్పేవాడు వైద్యం వదిలి జోస్యం పట్టుకున్నట్టు.

ఈ వివేకంతో చూస్తే ఆరోగ్యబోధ న్యాయం కావటానికి కొన్ని షరతులు స్పష్టమవుతాయి.

మొదటిది: ప్రతి సలహాకూ దాని ఖరీదు కట్టాలి. ఎంత కూలి పోతుంది, ఎంత సమయం కావాలి, ఇంట్లో ఎవరి పని పెరుగుతుంది అని చెప్పేవాడే లెక్కవెయ్యాలి. ఖరీదు చెల్లించే దారి చూపలేని సలహా ఉపదేశం మాత్రమే.

రెండవది: సలహా ఒక కోర్కెతో జతపడాలి. పప్పు తినండి అన్న నోటితోనే చౌకదుకాణంలో పప్పు ఇవ్వండి అనాలి. నడవండి అన్నవాడే కూలి కొయ్యకుండా పని మధ్య విరామం అడగాలి. పిల్లలు ఆడుకోవాలి అన్నవాడే ఆటస్థలం లేని కళాశాలకు గుర్తింపు ఎలా ఇచ్చారని ప్రశ్నించాలి.

మూడవది: వినేవాళ్లే చెప్పేవాళ్లు కావాలి. కేరళలో తిరువనంతపురం జిల్లా నెయ్యాటింకర తాలూకాలో 60 పోలింగు పరిధులలో 1,007 మందితో జరిపిన ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఓట్ల కోసం గీసిన హద్దులనే ఆరోగ్యం కోసం వాడుకున్నారు. ఏడాదిపాటు 15 సమావేశాలు జరిగితే, ఎక్కువ భాగం నడిపినవాళ్లు ఆ వాడల నుంచే ఎంపికై శిక్షణ పొందిన మామూలు మనుషులు. రెండేళ్ల తరువాత ఫలితం ఏమిటి? కరపత్రం మాత్రమే అందిన వాడలలో నూటికి 17 మందికీ, సమావేశాలు జరిగిన వాడలలో 15 మందికీ జబ్బు వచ్చింది. ఈ తేడా రుజువని చెప్పుకోదగినంత పెద్దది కాదు. అయితే కూరలూ పళ్లూ తినటం పెరిగింది, తాగుడు తగ్గింది. ఈ ఫలితాన్ని దాచనక్కరలేదు, అతిశయోక్తి చెయ్యనక్కరలేదు. మంచి బోధ సైతం ఒంటరిగా చెయ్యగలిగినదానికి హద్దు వున్నదని ఇది చెబుతున్నది. రెండవ షరతు లేకుండా మూడవది చాలదు.

నాలుగవది: బోధ విఫలమైనంత మాత్రాన వైద్యం మీద హక్కు పోకూడదు. పథ్యం తప్పినవానికి మందు ఇచ్చేటప్పుడు మాట జారటం మన ఆసుపత్రులలో మామూలు. ఆ మాట పడలేక పరీక్షకే రాకుండా పోయేవాళ్లుంటారు. నిందించే నివారణ చివరకు రోగాన్ని దాచిపెట్టే నివారణ అవుతుంది.

ఈ షరతులు అంగీకరిస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కరలేదు. డ్వాక్రా సంఘాలు వాడవాడనా వున్నాయి. పొదుపు లెక్క రాసుకునే చోటే తిండి లెక్క, రక్తపరీక్ష లెక్క రాసుకోవచ్చు. ఆశా కార్యకర్తలు గడప గడపకూ తిరుగుతున్నారు. వాళ్లను జీతమూ హోదా లేని పారితోషికపు మనుషులుగా వుంచి నివారణ మొత్తం వాళ్ల భుజాల మీద పెట్టటం అన్యాయం. వాళ్ల జీతం కోసం జరిగే సమ్మె కూడా మధుమేహ నివారణోద్యమంలో భాగమేనని మనం చెప్పాలి. వసతిగృహాలలో వున్న విద్యార్థులు తమ పళ్లెంలో ఏమి పడుతున్నదో, అందుకు ప్రభుత్వం తలకు ఎంత ఇస్తున్నదో లెక్కతీసి బయటపెట్టాలి. ఆ లెక్క తీసే క్రమంలోనే వాళ్లు పోషకాహారశాస్త్రం నేర్చుకుంటారు, రాజకీయార్థశాస్త్రమూ నేర్చుకుంటారు. రెండూ ఒకే పళ్లెంలో వున్నాయి.

మనుషులు తాము పుట్టిన పరిస్థితులను ఎంచుకోలేదు. ఆ పరిస్థితులలోనే నిలబడి వాటిని మార్చుకుంటారు. ఇది మనం చరిత్ర విషయంలో అంగీకరించిన సూత్రమే. శరీరం విషయంలో అంగీకరించటానికి ఎందుకో సందేహిస్తున్నాం. గడప మీద వున్న 13 కోట్ల 60 లక్షల మంది మన సిద్ధాంత చర్చ ముగిసేదాకా అక్కడే నిలబడి వుండరు. వాళ్లలో కొందరు ఈ ఏడే లోపలికి అడుగుపెడతారు. నువ్వే పాపివి అని వాళ్లతో అనే హక్కు ఎవరికీ లేదు. నీ చేతిలో ఏమీ లేదు అని చెప్పే హక్కు కూడా మనకు లేదు.